‘తప్పయింది’ అని మాత్రం అనలేం: మా కులపెద్దలకు బహిరంగ లేఖ

పెద్దమనుషులకు నమస్కారం.

మీలో ఇద్దరు నాకు కాకలు, ఒకరు మేనమామ వరస. మిగిలినవాళ్ళు చిన్నప్పుడు నన్ను భుజాన ఎత్తుకుని సిరోంచ సంతకు తీసుకుపోయినవాళ్ళే. అందుకే పేర్లు రాయడం లేదు. ఊరి పేరూ రాయడం లేదు. మహారాష్ట్రలో సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు ఊరు అంటే చాలు, తెలియాల్సినవాళ్ళకు తెలుస్తుంది.

నిజానికి ఇది మరాఠీలో రాస్తే నాకు సులువు. పన్నెండో తరగతి దాకా మరాఠీ మీడియమే. తెలుగు అక్షరాలు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. బాపు మంచిర్యాల నుంచి తెచ్చే తెలుగు క్యాలెండర్ చూసి, ఆవలి ఒడ్డు నుంచి వచ్చే బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. మీలో కూడా తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా ఆ రాత్రి గుడి ముందు మీరన్న మాటలన్నీ తెలుగువే కదా, జవాబు కూడా తెలుగులోనే ఉండాలనిపించింది. చదవడం రానివాళ్ళకు పక్కవాళ్ళు చదివి వినిపించండి. వినిపించేటప్పుడు మధ్యమధ్యలో దాటేయకండి.

బాపు పోయాక అమ్మ తన గాజులు పగలగొట్టనివ్వలేదని మీరు మమ్మల్ని వెలి వేసిన సంగతి ఊళ్ళో ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా తిరుగుతోంది. నేను అమ్మను రెచ్చగొట్టానని కొందరు, అమ్మకు మతి చలించిందని కొందరు, మాకు ఎవరో సంస్థవాళ్ళు డబ్బులిచ్చారని ఇంకొందరు. కాబట్టి జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పనివ్వండి.

మొన్న కార్తీకంలో బాపు పోయాడు. పదో నాడు సాయంత్రం పుట్టింటివాళ్ళు తెచ్చిన కొత్త చీర అమ్మకు కట్టించారు. తల్లో పూలు పెట్టారు. నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టారు. చేతికి ఆరు చొప్పున డజను ఆకుపచ్చ గాజులు వేశారు. పగలగొట్టడానికి వేసే గాజులు అవి. పదకొండో నాడు ఇంకా చీకటి ఉండగానే రేవుకు తీసుకుపోయారు. దారి పొడుగునా ఇళ్ళ తలుపులు మూయించారు. మొగుడు పోయినవాళ్ళు ఐదుగురు వెంట నడిచారు. ముత్తైదువలు రాకూడదు. నేను వెళ్ళాను. మా తప్పుల లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టారని తర్వాత తెలిసింది.

ఏరు అప్పటికే సన్నబడింది. ఇసుకలో చాలా దూరం నడవాలి. నీళ్ళ పక్కన ఒక చదును బండ ఉంది, దాని మీద చేయి పెట్టించి ఇంకో రాయితో కొడతారు. ఒకామె అమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. అమ్మ మెల్లగా చెయ్యి లాక్కుంది. భుజం మీద బాపు తువ్వాల ఉంది. అది తీసి రెండు చేతులకూ కలిపి చుట్టుకుంది. చుట్టుకుని, గొంతు పెంచకుండానే అన్నది:

"మిర్చి తోటలకు పోతే ఇవి ఎట్లాగూ పగులుతయ్. పగిలినవి పగలనీ. రాయి మాత్రం పెట్టకుండ్రి."

అంతే. ఇంకో మాట లేదు. నేను నేర్పించానని మీరంటున్నారు గానీ, నేను నేర్పించి ఉంటే ఇంతకంటే పెద్ద పెద్ద మాటలు ఉండేవి.

రాయి మా అత్తమ్మ చేతిలో ఉంది. ఆ ఐదుగురిలో ఆమె పెద్దది, కొట్టాల్సింది ఆమే. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కాసేపు నిలబడి, రాయిని ఇసుకలో పెట్టి, చెంబు కడుక్కుని, "చలిగున్నది, ఇంటికి పోదాం పాండ్రి" అన్నది.

ఈ అత్తమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. మీకు కాదు, నాకు నేను చెప్పుకోవాలి అనుకోండి. ఎనిమిదేళ్ళ కింద మా మామ పోయినప్పుడు ఇదే రేవులో, బహుశా ఇదే బండ మీద, ఆమె గాజులు పగలగొట్టారు. అప్పుడు నేను కోడలిగా కొత్త. ముత్తైదువను కాబట్టి దగ్గరికి పోకుండా గట్టు మీద ఉండి, అన్నీ అయ్యాక చెంబుతో నీళ్ళు తీసుకురమ్మన్నారు. తీసుకుపోయాను. ఎడమ మణికట్టు మీద గాజు పెంకు దిగి రక్తం కారుతోంది. ఆమె దాన్ని చూసుకోవడం లేదు. మెడలో పుస్తెలతాడు తీసేసిన చోట చేత్తో తడుముకుంటోంది, అక్కడ ఏదో ఉండాలి కదా అన్నట్టు. నేను మణికట్టు కడిగి పసుపు అద్దబోయాను. "పసుపు పెట్టొద్దు, ఇక ఆమెకు పసుపు లేదు" అని ఎవరో అన్నారు. నేను పసుపు తీసేశాను. గాయానికి పెట్టే పసుపు కూడా తీసేశాను! అప్పుడు నోరెత్తనిదాన్ని ఇప్పుడు ఎందుకు ఎత్తావని మీలో ఒకరు అడిగారు. అప్పుడు ఎత్తలేదు కాబట్టే. ఆ మచ్చ అత్తమ్మ చేతికి ఇంకా ఉంది. రోజూ ఆమె నాకు చాయ్ ఇచ్చేది ఆ చేత్తోనే.

ఇక గుడి ముందు కూర్చున్న రాత్రి.

మీరు మూడు మాటలన్నారు. ఇది తాతముత్తాతల ఆచారం, మార్చడానికి మీరెవరు అన్నారు. గాజులున్న ముండమోపి ఊళ్ళో తిరిగితే ముత్తైదువలకు కీడు అన్నారు. పదకొండు వేలు తప్పు కట్టి, మెడలో తువ్వాల వేసుకుని గుడి మెట్ల ముందు ‘తప్పయింది’ అంటే కులంలో కలుపుకుంటాం, లేదంటే నిప్పూ నీళ్ళూ బంద్ అన్నారు.

తాతముత్తాతల ఆచారం అంటున్నారు కాబట్టి మా బాపమ్మ సంగతి అడుగుతాను. బాపమ్మకు బాపు రెండో మనువు బిడ్డ. మొదటి మొగుడు పాము కరిచి పోతే, ఏడాది తిరక్కుండా ఆమెకు మారుమనువు చేశారు. చేసింది ఈ కులమే, ఈ గుడి ముందే. మరాఠీ వాళ్ళు దాన్ని పాట్ అంటారు. మన పనిపాటల కులాల్లో అది తప్పు కాదు, ఎవరూ వెలి వేసేవారు కాదు. ఓలి కూడా అట్లాగే. పిల్లనిచ్చేవాళ్ళకే ఎదురు డబ్బు ఇచ్చేవాళ్ళని బాపమ్మ చెప్పేది. ఆ ఓలి ఎప్పుడు పోయింది, కట్నం ఎప్పుడొచ్చింది? ఏ పంచాయితీలో తీర్మానం చేశారు? ఎవరు తప్పు కట్టారు? మోటార్ సైకిల్ లేకుండా ఈమధ్య మన కులంలో ఒక్క పెళ్ళి కాలేదు. అది ఏ తాత పెట్టిన ఆచారం? మీకు లాభం ఉన్నచోట ఆచారం దానంతట అదే మారిపోయింది. మా అమ్మ చేతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండరాయిలా నిలబడింది.

కీడు సంగతి. మీలో ఒకరికి భార్య పోయి ఆరేళ్ళయింది. కాకీ నాకు కూడా ప్రాణం, ఆమె మాట ఎత్తాలంటే నాకే కష్టంగా ఉంది. పదకొండో నాడు ఆయన చేతి గడియారాన్ని ఎవరైనా రాయితో కొట్టారా? నాలుగో నెలలో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. కీడు ఆయన వెంట ఎవరింటికీ పోలేదే.

ఇక మూడో మాట దగ్గరే నేను ఆగిపోతున్నాను. ఈ ఉత్తరమంతా దాని కోసమే.

మీకు డబ్బు కావాలంటే ఎట్లాగో తెచ్చి ఇచ్చేదాన్ని. కుట్టుమిషన్ అమ్మైనా ఇచ్చేదాన్నేమో. అయితే మీకు కావలసింది డబ్బు కాదని అన్న విషయంలోనే తేలిపోయింది. అన్న బిడ్డకు సంబంధం కుదిరే రోజులవి. వాడు భయపడ్డాడు. అప్పు చేసి పదకొండు వేలు పట్టుకొచ్చాడు. దానికి రసీదు కూడా లేదు. మెడలో తువ్వాల వేసుకుని మెట్ల ముందు నిలబడి ‘తప్పయింది’ అన్నాడు. మీలో ఒకరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపడలే, మళ్ళ అను" అన్నారు. వాడు మళ్ళీ అన్నాడు. నేను గుడి ప్రహరీ అవతల నిలబడి విన్నాను. రెండుసార్లూ నాకు స్పష్టంగా వినపడింది. అంత దూరాన నాకు వినపడిన మాట, ఎదురుగా కూర్చున్న మీకు వినపడలేదా?

వాడేం తప్పు చేశాడు? తండ్రి పోయాడు. తల్లి చేతికి గాజులున్నాయి. ఈ రెండింటిలో ఏది వాడి తప్పు?

అన్నను నేను ఒక్క మాట అనను. వాడు ఇప్పుడు కులంలో ఉన్నాడు, అమ్మా నేనూ లేము. చీకటి పడ్డాక దొడ్డి వైపు నుంచి వచ్చి అమ్మ మంచం మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా పోతాడు. పోయేటప్పుడు అమ్మ కాళ్ళు ఒకసారి పట్టుకుంటాడు. ఆ మాట వాడి నోట్లోంచి వచ్చింది గానీ వాడిది కాదు. అమ్మ నోట్లోంచి మాత్రం రాదు. నేను ఒకరోజు అడిగాను కూడా. నిజం చెప్తున్నా, టెన్షన్ తట్టుకోలేక అడిగాను: "అనేద్దామా అమ్మా, ఒక్క మాటే కదా?" అమ్మ మిర్చికాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తకుండా, "అంటే, మీ బాపు పోయినందుకు నేను తప్పు ఒప్పుకున్నట్టే కదనే" అంది. నాకు ఇంత చదువు చదివినా ఆ అర్థం తట్టలేదు.

ప్రాణహిత మన ఊరు దాటి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్ళే కిందికి పోయి రాజమండ్రి చేరతాయి. అక్కడ 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఒక బాల వితంతువుకు పెళ్ళి చేయించారు. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చన్న చట్టం 1856లోనే వచ్చింది, అంటే మన తెలుగువాళ్ళ దగ్గర పాతికేళ్ళు కాగితం మీదే ఉంది. ఆ పెళ్ళికి పోయినవాళ్ళకు వెలి పడింది. పంతులు గారి ఇంటికి వంటమనిషి రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే బిందె పట్టుకుని గోదావరికి పోయి నీళ్ళు తెచ్చుకున్నారు. వెలికి తట్టుకోలేక కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని వెనక్కి పోయారు. అది చదివినప్పుడల్లా నాకు అన్న గుర్తొస్తాడు. ప్రాయశ్చిత్తం చేసుకున్నవాళ్ళలో చెడ్డవాళ్ళు ఎందరు ఉండి ఉంటారు? ఇంట్లో పెళ్ళీడు పిల్లలున్నవాళ్ళు ఎందరు ఉండి ఉంటారు?

ఇటు మరాఠీ బడిలో నేర్చుకున్నది ఇంకోటి ఉంది. జ్యోతిబా ఫూలే, సావిత్రీబాయి 1863లో పూణేలో, దిక్కులేని వితంతువులు వచ్చి కాన్పు చేసుకునేందుకు తమ ఇంట్లోనే చోటు ఇచ్చారు. అంతకుముందు సావిత్రీబాయి ఆడపిల్లలకు చదువు చెప్పడానికి పోతుంటే జనం పేడ, బురద విసిరేవాళ్ళు. అందుకని సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేది. ఈ పాఠం మన ఊరి పిల్లలందరికీ నోటికి వచ్చు. జనవరి 3న ఆమె జయంతికి బడిలో సభ పెట్టారు. ఆమె ఫోటోకు దండ వేసి, చప్పట్ల మధ్య కుర్చీలో కూర్చున్నది మీలో ఒకరే. మాకు వెలి వేసి అప్పటికి నెల కూడా కాలేదు. నా కొడుకు ఆ సభలో మూడో వరసలో కూర్చున్నాడు. ఇంటికొచ్చి, "సావిత్రీబాయి మీద పేడ వేసినవాళ్ళు ఎవరమ్మా?" అని అడిగాడు. వాళ్ళ ఊరి పెద్దమనుషులు అని చెప్పాను. ఇంకేం చెప్పమంటారు?

చట్టం గురించి ఎక్కువ రాయను, బెదిరించడానికి రాశానంటారు. తెలియదని రేపు మీరు అనకుండా ఉండటానికే రాస్తున్నా. సామాజిక బహిష్కరణ మీద మహారాష్ట్ర 2016లో ప్రత్యేకంగా చట్టం చేసింది, 2017 నుంచి అది అమలులో ఉంది. కులం పేరుతో ఒక మనిషిని, ఒక కుటుంబాన్ని వెలి వేసినా, వేయమని చెప్పినా, అందుకోసం సభ పెట్టినా నేరమే. మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గుడి ముందు ఆ రాత్రి జరిగింది ఇందులో ఎక్కడికి వస్తుందో మీరే చూసుకోండి. నేను ఇంకా స్టేషన్‌కు పోలేదు. పోనని మాట కూడా ఇవ్వడం లేదు. కాకను జైల్లో చూడాలన్న కోరిక నాకు లేదు. అమ్మకు అసలే లేదు, పండుగకు సకినాలు చేసి మీ ఇళ్ళకు పంపలేకపోయానని ఏడ్చిన మనిషి.

ఇంకో సంగతి కూడా మీ చెవిన వేయాలి. కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అని ఒక ఊరుంది. మనలాంటి పల్లెటూరే. 2022 మే 4న ఆ ఊరి గ్రామసభ తీర్మానం చేసింది: మొగుడు పోయిన ఆడవాళ్ళ గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, పుస్తెలు, మెట్టెలు తీయించడం ఇక తమ ఊళ్ళో ఉండదని. కరోనాలో వయసు పిల్లలు పోయి చిన్న చిన్న ఆడపిల్లలు వితంతువులు కావడం ఆ ఊరివాళ్ళు కళ్ళారా చూశారు. రెండు వారాలు తిరక్కుండానే, మిగతా పంచాయతీలు కూడా ఇదే బాటలో నడవాలని ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. మన పంచాయతీకి కూడా వచ్చే ఉంటుంది, ఏ బీరువాలో పడి ఉందో. మే 1న గ్రామసభ ఉంది కదా. అందులో ఈ తీర్మానం పెట్టమని గ్రామసేవక్‌కు దరఖాస్తు ఇచ్చాను. దరఖాస్తు మీద నా సంతకం, అమ్మ వేలిముద్ర, అత్తమ్మ వేలిముద్ర ఉన్నాయి. మూడే. ఆ రోజు ఎందరు చేతులెత్తుతారో తెలియదు. మూడు చేతులే లేస్తే మూడే లేస్తాయి.

నేను ఊరంతా చెడ్డదని అనడం లేదు. వెలి పడ్డాక ఊరు ఎట్లా ఉంటుందో మీకూ తెలియాలి. పగలు ఎవరూ మా వాకిట్లోకి రారు. కిరాణా కొట్టులో సామాను ఇస్తారు గానీ చేతికి ఇవ్వరు, అరుగు మీద పెడతారు. మా ఆయనను మిర్చి కూలీల గుంపులోంచి తప్పించారు, ఇప్పుడు సిరోంచ పోయి పని చూసుకుంటున్నాడు. ఆయన ఈ గొడవలో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ బావికి రావద్దని మీరు చెప్పిన మర్నాటి నుంచి సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని తెల్లారేసరికి నీళ్ళు తెచ్చి పెడుతున్నాడు. అడిగితే, "ఎక్సర్‌సైజు" అంటాడు.

రాత్రి ఎనిమిది దాటితే మాత్రం దొడ్డి తలుపు చప్పుడవుతుంది. ఎవరో ఒకరు కొంగు చాటున జాకెట్ గుడ్డ తెస్తారు. ఊళ్ళో బాగా కుట్టేది నేనొక్కదాన్నే కదా, వెలి వేసినా మెడ లోతు సరిగ్గా రావాలి! అమ్మ పక్క గదిలో ఉంటే తొంగి చూసి, "ఒదినే, తిన్నవా?" అని పలకరిస్తారు. ఒకామె అమ్మ గాజులు లెక్కపెట్టింది. "ఇంక ఏడున్నయ్ కదా" అంది. అని తన చేతి గాజుల్లోంచి రెండు తీసి అమ్మ పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా పోయింది. ఆమె ఎవరో చెప్పను. మీరు ఇంటికి పోయి ఎవరి చేతికి రెండు తక్కువయ్యాయో చూసుకుంటారని భయం. చూసుకోకండి.

అమ్మ ఆ రెండూ వేసుకోలేదు. తువ్వాలలో చుట్టి బాపు ట్రంకుపెట్టెలో పెట్టింది. వచ్చే బతుకమ్మకు వేసుకుంటుందట. బతుకమ్మ ఆడతావా అని అడిగితే, "ఎవరూ ఆడనియ్యకుంటే నేనొక్కదాన్నే పేర్చుకుని ఏట్లో వదులుత. తంగేడు పువ్వుకేం తెలుసు" అంది.

నా మాట ఇంతే. అన్న దగ్గర తీసుకున్న పదకొండు వేలు వాడికి తిరిగి ఇవ్వండి, వాడు అడగలేడు కాబట్టి నేను అడుగుతున్నాను. బావి దగ్గరికి మమ్మల్ని రానివ్వండి. పెళ్ళికి పిలవడం, పిలవకపోవడం మీ ఇష్టం. పిలిస్తే వస్తాం, అమ్మ కూడా వస్తుంది, వెనక వరసలో కూర్చోదు. ‘తప్పయింది’ అన్న మాట కోసం మాత్రం ఎదురు చూడకండి.

ఇంకొకటి. మీ మీ ఇళ్ళ జాకెట్లు తొమ్మిది కుట్టి పెట్టాను, ఇస్త్రీ కూడా అయింది. నాలుగింటికి కూలి బాకీ ఉంది. వచ్చేవాళ్ళను పగటిపూట, ముందు వాకిలి నుంచే రమ్మని చెప్పండి. దొడ్డి వైపు మెట్టు విరిగింది, చీకట్లో ఎవరైనా పడతారు.

మీ ఊరి ఆడపిల్ల